కాకి వాలినందుకే తాటిపండు పడిందా?

1992 జూన్‌లో అమెరికా శాస్త్రవేత్తల చిన్న బృందం ఒకటి రష్యాలోని యెకటెరిన్‌బర్గ్‌లో దిగింది. సోవియట్ రోజుల్లో ఆ ఊరి పేరు స్వెర్డ్‌లోవ్‌స్క్. 1979 ఏప్రిల్‌లో అక్కడ ఆంథ్రాక్స్ సోకి కనీసం 66 మంది చనిపోయారు. మన పల్లెల్లో పశువులకొచ్చే దొమ్మ రోగం అంటే అదే. రోగమొచ్చిన పశువుల మాంసాన్ని దొంగచాటుగా అమ్మారని, అది తిన్నవాళ్లు పోయారని సోవియట్ ప్రభుత్వం చెప్పింది. ఊళ్లో ఉన్న సైనిక ప్రయోగశాల నుంచే క్రిములు గాలిలో కలిశాయని అమెరికా నిఘా వర్గాలు అనుమానించాయి. ఆస్పత్రి రికార్డులేమో కేజీబీ వాళ్లు ఎత్తుకుపోయారు.

రికార్డులు లేకపోతేనేం, చనిపోయినవారి కుటుంబాలు ఉన్నాయి. బృందంలోని జీన్ గిల్లెమిన్ ఇంటింటికీ తిరిగి ఒకే సంగతి ఆరా తీసింది. ఏప్రిల్ మొదటి వారంలో మీవాళ్లు పగటిపూట ఎక్కడున్నారు? ఏ ఫ్యాక్టరీలో, ఏ షిఫ్టు? చెప్పినవన్నీ పటం మీద చుక్కలుగా పెడుతూ పోతే ఒక ఆకారం తేలింది. సైనిక స్థావరం దగ్గర మొదలై, మధ్యలో ఒక సిరామిక్ ఫ్యాక్టరీని తాకుతూ, దక్షిణాన ఊరి పొలిమేర దాకా నాలుగు కిలోమీటర్ల సన్నటి పట్టీ. దాన్ని అదే దిక్కున పొడిగిస్తే యాభై కిలోమీటర్ల దాకా ఉన్న పల్లెల్లో గొర్రెలు, ఆవులు చచ్చిపోయాయి. వాతావరణ రికార్డులు చూస్తే ఏప్రిల్ 2, సోమవారం నాడు గాలి అటే వీచింది.

మాంసమైతే సంచుల్లో, బుట్టల్లో ఊరి నాలుగు మూలలకూ పోతుంది. దానివల్ల పోయినవాళ్ల చుక్కలు గీత గీసినట్టు ఒకే వరసలో పడవు. గాలి మోసుకెళ్లిందైతే అలాగే పడతాయి. బృందానికి నాయకుడైన హార్వర్డ్ శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్ 1980లలో మాంసం కథ నమ్మదగ్గదేనని అన్నవాడే. పటం చూశాక తన మాట తానే మార్చుకుని, 1994లో ఆ సంగతి లోకానికి ప్రకటించాడు.

మెసెల్సన్ మనసు మార్చిన ప్రశ్న చాలా చిన్నది. ఎదుటివాడి కథే నిజమనుకుంటే ఈ ఆధారం ఇలాగే కనిపించేదా? పద్దెనిమిదో శతాబ్దంలో థామస్ బేయస్ అనే ఇంగ్లిష్ మతాచార్యుడు దీన్ని లెక్కల్లోకి దించాడు. ఆయన పోయాక 1763లో అచ్చైన ఆ వ్యాసం మీదే నేటి సంభావ్యతా శాస్త్రంలో పెద్ద భాగం నిలబడి ఉంది. రెండు కథల్లోనూ ఒకేలా ఇమిడిపోయే ఆధారం ఎంత సంచలనంగా ఉన్నా తక్కెడ కదలదు. ఒక కథలో ఇమిడి, రెండోదానిలో ఇమడకపోతేనే ముల్లు జరుగుతుంది.

కరోనా ఎక్కడ పుట్టిందన్న వాదంలో ఇంత చిన్న ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. అధికారిక లెక్కల్లోనే డెబ్బై లక్షలమందికి పైగా ప్రాణాలు తీసిన జబ్బది. టీవీ చర్చలోనైనా, పెళ్లి భోజనాల దగ్గరైనా వాదం రెండు ముక్కల్లో తేలిపోతుంది. "అదే ఊళ్లో గబ్బిలాల వైరస్‌ల ల్యాబ్ ఉంది, ఇంకా అనుమానమా?" అని ఒకరు. "శాస్త్రవేత్తలు జంతువుల నుంచే వచ్చిందన్నారు, ఇంకా అనుమానమా?" అని ఇంకొకరు. ఇద్దరికీ అనుమానం లేదు. వచ్చిన చిక్కంతా అక్కడే.

ముందు ల్యాబ్ సంగతి. కోటీ పది లక్షల జనాభా ఉన్న వుహాన్‌లో ఉన్నది గబ్బిలాల కరోనా వైరస్‌ల మీద ప్రపంచంలోనే పేరున్న పరిశోధన సంస్థ. షీ జెంగ్‌లీ బృందం ఏళ్ల తరబడి యునాన్ గుహల నుంచి నమూనాలు తెచ్చింది అక్కడికే. కొత్త కరోనా వైరస్ మొదట బయటపడిందీ ఆ ఊళ్లోనే. యాదృచ్ఛికానికి మన భాషలో కాకతాళీయం అన్న మాట ఉంది. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు పడింది. చూసినవాడికి కాకి బరువుకే పడిందనిపిస్తుంది. అలా పడి ఉండవచ్చు కూడా. అయితే ఆ తోటలో ఎన్ని చెట్లున్నాయి, ఎన్ని కాకులు తిరుగుతున్నాయి, పండు ముందే మగ్గి ఉందా అన్నవి తెలియకుండా తీర్పు చెప్పలేం.

అడవి జంతువులను ప్రాణంతో అమ్మే నగరాలు చైనాలో వుహాన్ ఒక్కటే కాదు. దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఆ వ్యాపారం ఇంకా పెద్దది. వాటన్నిటిలో వుహానే ఎందుకు అన్నది న్యాయమైన ప్రశ్న. అది ల్యాబ్ పళ్లెంలో నిజమైన బరువే. "గబ్బిలాలుండే గుహలు వుహాన్‌కు వెయ్యి కిలోమీటర్ల పైనే, వైరస్ నడిచొచ్చిందా?" అన్న వాదానికి మాత్రం అంత బరువు లేదు. 2002లో సార్స్ మొదలైంది గ్వాంగ్‌డాంగ్‌లో. దాని జన్యు ముక్కలన్నీ ఉన్న వైరస్‌లు ఉన్నట్టు 2017లో తేలింది యునాన్‌లోని ఒక గుహలో. నడుమ దూరం అదీ వెయ్యికి అటూఇటే. ఆ దూరం దాటించింది పునుగుపిల్లుల వ్యాపారమేనని శాస్త్రవేత్తల అంచనా. జంతువుల లారీలు వెయ్యి కిలోమీటర్లు మోయగలవని తెలిశాక దూరం రెండు కథల్లోనూ ఇమిడిపోతుంది.

ఇప్పుడు రెండో కాకి. వుహాన్‌లో బళ్లు, ఆస్పత్రులు, మెట్రో స్టేషన్లు, మాల్స్ ఎన్ని లేవు! అయినా 2019 డిసెంబరులో రోగులు గుంపుగా మొదట కనిపించింది హువానాన్ మార్కెట్ దగ్గర. అది ప్రధానంగా చేపలు, రొయ్యల టోకు బజారు. అక్కడి వందల దుకాణాల్లో ప్రాణమున్న అడవి జంతువులు అమ్మేవి ఏ పదో. 2017 మే నుంచి 2019 నవంబరు దాకా వుహాన్ మార్కెట్లలో 38 జాతుల జంతువులు 47,381 అమ్ముడయ్యాయని చైనా పరిశోధకులే లెక్క రాసి 2021లో ప్రచురించారు. అందులో గబ్బిలాలు లేవు. రకూన్ డాగ్‌లు, పునుగుపిల్లులు ఉన్నాయి. రెండూ ఇలాంటి వైరస్‌లు సోకే జంతువులే.

ల్యాబ్ కథే నిజమైతే మొదటి గుంపు ఇక్కడే కనిపించేదా? కనిపించకూడదని లేదు. జబ్బు అంటుకున్న ఉద్యోగి ఎవరైనా చేపలు కొనడానికి వెళ్లి ఉండవచ్చు. అయితే వైరాలజీ సంస్థ యాంగ్జీ నదికి ఒక గట్టున, మార్కెట్ రెండో గట్టున ఉన్నాయి. ఊరంతా వదిలేసి, నది దాటి, పునుగుపిల్లులు అమ్మే బజారులోనే వైరస్ తొలిసారి బయటపడటానికి ఆ కథలో అదృష్టం కలిసిరావాలి. మార్కెట్ కథకు ఆ అదృష్టంతో పనిలేదు.

దీనికీ తరుగు తీయాల్సిందే. మొదటి రోజుల్లో డాక్టర్లు మార్కెట్‌తో సంబంధమున్న రోగుల కోసమే ఎక్కువగా వెతికారు. దీపం వెలుగున్న చోటే వెతికితే పోయిన ఉంగరం అక్కడే దొరికినట్టుంటుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం పరిశీలించిన 174 మంది డిసెంబరు రోగుల్లో మార్కెట్‌కు వెళ్లామని చెప్పినవాళ్లు ఇంచుమించు మూడో వంతే. 2022లో మైకేల్ వోరోబీ బృందం ఆ రోగుల ఇళ్లను పటం మీద గుర్తించింది. మార్కెట్ ముఖం చూడలేదన్నవాళ్ల ఇళ్లు కూడా మార్కెట్ చుట్టూనే మూగి ఉన్నాయి. స్వెర్డ్‌లోవ్‌స్క్‌లో పటం ప్రయోగశాలను వేలెత్తి చూపింది. వుహాన్‌లో అదే రకం పటం బజారును చూపింది. అయినా ఇక్కడి పటం అంత నికరం కాదు. జన్యు లెక్కల ప్రకారం వైరస్ మనుషుల్లోకి దూకింది నవంబరు ప్రాంతంలో. ఆ తొలి వారాల రోగులెవరో ఎవరికీ తెలియదు. పటం మీద ఉన్నవి డిసెంబరు చుక్కలు మాత్రమే.

మార్కెట్ లోపలి సాక్ష్యం ఇంకా చిత్రమైనది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హోమ్స్ 2014లో వుహాన్ వెళ్లినప్పుడు ఆ మార్కెట్లో ఒక ఫొటో తీశాడు. ఇనుప బోనులో రకూన్ డాగ్, దాని కింద పక్షుల బోను. కొత్త జబ్బులు పుట్టే చోటు ఇలా ఉంటుందని చూపడానికి దాచుకున్న ఫొటో అది. 2020 జనవరి 1న మార్కెట్ మూసి అధికారులు గోడలు, నేల, తోపుడు బండ్లు, మురుగు కాలువలు తుడిచి నమూనాలు తీశారు. అడవి జంతువులు అమ్మే మూలలోనే వైరస్ జాడలు ఎక్కువగా దొరికాయి. హోమ్స్ ఫొటో తీసిన దుకాణమూ ఆ మూలలోనే ఉంది. 2023 మార్చిలో ఆ నమూనాల ముడి డేటా అంతర్జాతీయ డేటాబేస్‌లో కనిపించింది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫ్లోరెన్స్ దెబార్ కంటపడటంతో పరిశోధకులు దాన్ని డౌన్‌లోడ్ చేసుకున్నారు. ఆ తర్వాత అందులో ఏముందో తేలింది. వైరస్ ఉన్న నమూనాల్లో రకూన్ డాగ్ జన్యు పదార్థమూ ఉంది.

శీర్షికలకు ఇంతకంటే ఏం కావాలి? అయితే జెస్సీ బ్లూమ్ అనే శాస్త్రవేత్త అదే డేటాను తిరగేసి ఇంకో మాట చెప్పాడు. వైరస్ ఎక్కువున్న నమూనాల్లో ఎక్కువగా కలిసి కనిపించింది చేపల జన్యు పదార్థం. చేపలకు ఈ వైరస్ సోకదు. అంటే నమూనాలు తీసేనాటికి దగ్గే మనుషులు నెల రోజులుగా మార్కెట్ అంతా వైరస్ చల్లేశారు. రకూన్ డాగ్ అక్కడ ఉందని ఆ డేటా రుజువు చేస్తుంది, దానికి జబ్బు ఉందని చేయదు. మార్కెట్ కథకు అది కొంత బలమిస్తుంది. తీర్పు చెప్పేంత బలం ఇవ్వదు.

ల్యాబ్ పళ్లెంలో మరో రెండు తూకం రాళ్లున్నాయి. ఒకటి, వైరస్ ముల్లు మీద ఫ్యూరిన్ కోత స్థానం అనే పన్నెండక్షరాల చేర్పు. మెర్స్ లాంటి దూరపు బంధువులకు ఇలాంటిది ఉంది, సార్స్ కుటుంబంలోని దగ్గర బంధువుల్లో ఇంతవరకూ కనబడలేదు. రెండు, 2018లో అమెరికాకు చెందిన ఎకోహెల్త్ అలయన్స్ వుహాన్ సంస్థతో కలిసి రాసిన డిఫ్యూజ్ అనే ప్రతిపాదన. అలాంటి కోత స్థానాలను గబ్బిలాల వైరస్‌లలో చేర్చి చూస్తామని అందులో ఉంది. అమెరికా రక్షణ శాఖ పరిశోధన విభాగం డార్పా డబ్బివ్వలేదు. 2021లో అది బయటికొచ్చాక ల్యాబ్ కథను కుట్ర సిద్ధాంతమని కొట్టిపారేసే వీలు లేకుండా పోయింది. అనుకోవడం వేరు, చేయడం వేరన్నదీ నిజమే. చేయడానికి చేతిలో తగిన వైరస్ ఉండాలి. ఆ సంస్థ దగ్గర ఉన్నట్టు తెలిసినవాటిలో అతి దగ్గరిది ఆర్ఏటీజీ13. అది 96 శాతం పోలుతుంది. వినడానికి ఎక్కువే. కానీ ముప్పై వేల అక్షరాల జన్యుక్రమంలో ఆ మిగిలిన నాలుగు శాతం అంటే పదకొండు వందలకు పైగా తేడాలు. ప్రకృతిలో అన్ని తేడాలు రావడానికి దశాబ్దాలు పడుతుంది.

రాళ్లన్నీ పేర్చాక జనం చేసే పని గుణకారం. వుహాన్ కావడం వందలో ఒక వంతు, ఫ్యూరిన్ స్థానం ఉండటం యాభైలో ఒక వంతు, 2019 సెప్టెంబరులో సంస్థ డేటాబేస్ ఆన్‌లైన్‌లో కనబడకుండా పోవడం ఇరవైలో ఒక వంతు అనుకుని గుణిస్తే, లక్షలో ఒక్క వంతు తప్ప ప్రకృతి కథకు ఆస్కారం లేదని తేలుతుంది. ఇవి మచ్చుకు అనుకున్న అంకెలు. వీటిని ఎవరి అభిరుచిని బట్టి వారు పెంచవచ్చు, తగ్గించవచ్చు. 2024లో ఇది లక్ష డాలర్ల పందెం దాకా వెళ్లింది. ఇజ్రాయెల్ వ్యాపారవేత్త సార్ విల్ఫ్ స్థాపించిన రూట్‌క్లెయిమ్ అనే సంస్థ ఇలాంటి లెక్కలతోనే ల్యాబ్ వైపు నిలబడి, గంటల తరబడి వాదించి ఓడిపోయింది. జడ్జీలిద్దరూ ప్రకృతి వైపే మొగ్గారు. అదే ఆధారాలు చేతిలో ఉన్న రెండు పక్షాల లెక్కలూ చెరో ధ్రువాన తేలాయి.

గుణకారం మనిషిని జైలుకు పంపిన సందర్భమూ ఉంది. 1999లో ఇంగ్లండ్‌లో శాలీ క్లార్క్ అనే న్యాయవాదికి తన ఇద్దరు పసిపిల్లలనూ చంపిందని శిక్ష పడింది. ఉన్నట్టుండి ఉయ్యాల్లోనే బిడ్డ చనిపోవడం ఆమెలాంటివారి కుటుంబంలో 8,543లో ఒక వంతు, ఇద్దరూ అలా పోవడం 7.3 కోట్లలో ఒక వంతు అని పిల్లల వైద్య నిపుణుడు రాయ్ మెడో కోర్టులో గుణించి చెప్పాడు. రెండు తప్పులున్నాయి. ఇద్దరూ అన్నదమ్ములు. మొదటివాడిని బలిగొన్న లోపం రెండోవాడిలోనూ ఉండవచ్చు కాబట్టి రెండు చావులనూ విడివిడి సంఘటనలుగా గుణించకూడదు. అంతకుమించి, తల్లి ఇద్దరు బిడ్డల్ని చంపడం ఎంత అరుదో ఎవరూ అడగలేదు. అరుదైనదాన్ని మరో అరుదైనదానితోనే తూచాలి. రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఆ లెక్కను తప్పుపట్టింది. 2003లో ఆమె విడుదలైంది.

కరోనా వాదంలో రెండు పక్షాలూ ఈ తప్పు చేస్తాయి. మార్కెట్ చుట్టూ ఇళ్లు, మార్కెట్ మూలలో నమూనాలు, మార్కెట్లో రకూన్ డాగ్ జాడ అన్నవి మూడు వేరువేరు సాక్ష్యాల్లా వినిపిస్తాయి. మొదట వెతికిందే మార్కెట్లో అయినప్పుడు అవి ఒకే చెరువు నుంచి తీసిన మూడు కాలువలు. ల్యాబ్ పక్షం పేర్చే అనుమానాల్లోనూ చాలావరకు "ఊళ్లో ల్యాబ్ ఉంది" అన్న ఒక్క చెరువు నీళ్లే.

మరి చైనా దాపరికం మాటేమిటి? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ? ఉంది. 2021 జనవరి చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందాన్ని హువానాన్ మార్కెట్లోకి ఇంచుమించు గంటసేపు రానిచ్చారు. వైరాలజీ సంస్థలో గడిపింది కొన్ని గంటలే. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం నివేదిక ఇచ్చేనాటికి కూడా వందలాది తొలి రోగుల వైరస్ జన్యుక్రమాలు, మార్కెట్ జంతువుల వివరాలు, ల్యాబుల భద్రతా రికార్డులు చైనా ఇవ్వలేదు. కానీ ఇక్కడా ఆ చిన్న ప్రశ్నే వేయాలి. మార్కెట్ కథ నిజమైతే చైనా తెరిచి చూపించేదా? సార్స్ వచ్చినప్పుడు, ల్యాబ్ అనుమానమే లేని రోజుల్లో, నెలల తరబడి దాచింది. 2003 తర్వాత కూడా అడవి జంతువుల ఫారాలను పెరగనిచ్చామని ఒప్పుకోవడం ఆ ప్రభుత్వానికి తక్కువ తలవంపు కాదు. ఏ గుమ్మడికాయ పోయినా భుజాలు తడుముకునే అలవాటున్నవాడి దగ్గర ఆ సామెత పనిచేయదు.

పత్రికల వంతూ చెప్పాలి. 2025 జనవరిలో ల్యాబ్ వైపే సీఐఏ మొగ్గు అని ప్రపంచమంతా శీర్షికలొచ్చాయి. ఆ ప్రకటనలోనే "తక్కువ నమ్మకంతో" అన్న మాట ఉంది. నిఘా వర్గాల పరిభాషలో దానికి ఆధారాలు పలచన అని అర్థం. శీర్షికలో అది పట్టదు కాబట్టి చాలామంది పాఠకుల దాకా రాలేదు. అటువైపు 2020 మార్చిలో నేచర్ మెడిసిన్‌లో కొందరు శాస్త్రవేత్తలు ల్యాబ్ మూలం నమ్మశక్యం కాదని తేల్చేశారు. అప్పటికి చేతిలో ఉన్న ఆధారం అంత గట్టి మాటను మోసేది కాదు. ఆ తొందర వల్లే తర్వాత నిజమైన ఆధారాలొచ్చినా సగం లోకం వాటిని నమ్మలేదు.

ఇది మన ముంగిట్లోకి వచ్చిన సంగతి కూడా. 2020 డిసెంబరులో ఏలూరులో ఉన్నట్టుండి జనం మూర్ఛలొచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లో బాధితులు ఆరు వందలు దాటారు. నీళ్లలో ఏదో కలిసిందన్నారు. మున్సిపల్ నీళ్లు తాగనివాళ్లూ పడిపోవడంతో ఆ వాదం నీరుగారింది. బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పగానే సీసమే కారణమని ఊరంతా అనేసింది. జబ్బు పడని పక్కింటాయన రక్తంలో సీసం ఎంతుంది అన్న ప్రశ్న ఆ హడావుడిలో వినబడలేదు. చివరకు నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు మొగ్గారు. అవి ఒంట్లోకి ఎలా చేరాయన్నది తర్వాతి అధ్యయనానికి మిగిలింది.

ఇంతకూ వుహాన్ తక్కెడ ఎటు? చేతిలో ఉన్న రాళ్లతో తూస్తే మార్కెట్ వైపు, జంతువుల వ్యాపారం వైపు స్పష్టంగా మొగ్గుతుంది. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘమూ అందిన ఆధారాల బరువు జంతువుల వైపే ఉందంది, ఏ అవకాశాన్నీ కొట్టేయలేదు. జబ్బు సోకిన జంతువు దొరకలేదన్న లోటు ఉంది. 1976 నుంచి వెతుకుతున్న ఎబోలాకు మూల జంతువు ఇదీ అని నేటికీ ఖాయం కాలేదు కాబట్టి ఆ లోటు కథను కూల్చేయదు. ల్యాబ్ నుంచి వైరస్‌లు తప్పించుకోవని ఎవరైనా అంటే 2004 బీజింగ్ చాలు. అక్కడి ల్యాబ్ నుంచి సార్స్ బయటికొచ్చి తొమ్మిదిమందికి సోకింది, ఒకరు చనిపోయారు.

తీర్పు తేలేదాకా ఆగాల్సిన పనులేమీ లేవు. గబ్బిలాల కరోనా వైరస్‌ల పనిలో కొంత తక్కువ భద్రత ఉండే బీఎస్‌ఎల్-2 స్థాయి ల్యాబుల్లోనే చేశామని షీ జెంగ్‌లీ స్వయంగా 2020లో చెప్పింది. వైరస్ అక్కడి నుంచి రాకపోయినా ఆ పద్ధతి మారాలి. తినడానికి అడవి జంతువుల పెంపకం, అమ్మకాలను చైనా 2020 ఫిబ్రవరిలో నిషేధించింది. వైరస్ మార్కెట్లో పుట్టకపోయినా ఆ నిషేధం నిలవాలి.

స్వెర్డ్‌లోవ్‌స్క్‌లో పటానికి తోడుగా మరో సాక్ష్యం ఉంది. ఫైనా అబ్రమోవా, లెవ్ గ్రిన్‌బర్గ్ అనే ఇద్దరు పాథాలజిస్టులు చనిపోయినవారి కణజాల నమూనాలను కేజీబీ కంటపడకుండా దాచారు. క్రిములు నోటి ద్వారా కాక ఊపిరితో లోపలికి వెళ్లాయని చెప్పినవి అవే. వుహాన్‌కు అలాంటి సాక్ష్యం ఏదో ఒక ఫ్రీజర్‌లో ఉండవచ్చు. లేదా 2019 నవంబరులో ఆ మూల దుకాణానికి రకూన్ డాగ్‌లు ఏ ఫారం నుంచి ఏ లారీలో వచ్చాయో రాసిన ఒక చిట్టా పుస్తకంలో ఉండవచ్చు. స్వెర్డ్‌లోవ్‌స్క్‌లో అది బయటికి రావడానికి పదమూడేళ్లు, ఒక ప్రభుత్వం కూలడం పట్టింది. ఆ లెక్కన వుహాన్‌కు 2032 దాకా గడువుంది.